ఈవెంట్ అయిపోతోంది, డ్రాప్ రాలేదు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దసరా నుంచి సంక్రాంతి దాకా ఆన్‌లైన్ గేముల్లో ఈవెంట్ల కాలం, అంటే పండగ పేరుతో కొద్దిరోజులే నడిచే ప్రత్యేక ఆటల కాలం. హాలోవీన్, దీపావళి, క్రిస్మస్, కొత్త సంవత్సరం అంటూ ఒకటి ముగిసేలోపే ఇంకొకటి మొదలైపోతుంది. ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ: రోజూ ఆడినా, డబ్బు పెట్టినా, కోరుకున్న డ్రాప్ (గేమ్‌లో పడే వస్తువు) రాలేదని. రాసినవారి పేర్లు వేయకుండా ఊరి పేర్లతోనే ఇస్తున్నాం.

ప్రశ్న: కంప్యూటర్‌లో ఆడే ఒక గేమ్‌లో ఏటా హాలోవీన్ ఈవెంట్ వస్తుంది. రోజుకొకసారి బాస్‌ని (పెద్ద శత్రువుని) కొడితే పెట్టె ఇస్తాడు, అందులో స్వారీ గుర్రం పడొచ్చు. డ్రాప్ రేటు నూటికి ఒకటని అందరూ అంటారు. మూడేళ్ళుగా ఆడుతున్నాను, రాలేదు. ఇంకో నాలుగేళ్ళు ఆడితే వంద దగ్గరికి వెళ్తాను కదా, అప్పుడైనా ఖాయంగా వస్తాదా? ఈసారి సిరిమాను జాతరకి చుట్టాలొచ్చి రెండు రోజులు కూర్చోలేకపోయాను. ఆ రెండు రోజుల్లోనే పోయిందేమో అనిపిస్తోంది.
– బొబ్బిలి పాఠకుడు

ఖాయంగా రాదు. గేమ్‌లో విడిగా లెక్కపెట్టే ఏర్పాటు ఉంటే తప్ప, నిన్న రాలేదన్న సంగతి సర్వర్‌కి పట్టదు. ఈరోజు కొట్టినా నూటికి ఒకటే, నూటొకటోసారి కొట్టినా నూటికి ఒకటే.

లెక్క ఇలా వేయాలి. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి అడ్డంగా తిప్పితే ఘాతాల మీట కనిపిస్తుంది. ఒక్క ప్రయత్నంలో రాకుండా పోయే అవకాశం 0.99. మీకు దొరికే ప్రయత్నాలు 14 అయితే 0.99 కి 14 ఘాతం వేయండి, 0.869 వస్తుంది. దాన్ని 1 లోంచి తీసేస్తే 0.131. అంటే ఒక్క పాత్రతో (గేమ్‌లో మనం ఆడించే మనిషితో) పద్నాలుగు రోజులూ మానకుండా ఆడినా వచ్చే అవకాశం 13 శాతం. మూడేళ్ళు కలిపి 42 ప్రయత్నాలకి 34 శాతం. మీకు రాకపోవడం వింతేమీ కాదు, మీలా ఆడినవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి రాదు. పూర్తిగా వంద కొట్టినా రానివాళ్ళు నూటికి 37 మంది ఉంటారు. సగం అవకాశం కావాలంటే 69 ప్రయత్నాలు, 90 శాతానికి 230, 99 శాతానికి 459.

జాతర రోజులు మనసులోంచి తీసేయండి. ఆ రెండు రోజుల విలువ రెండు శాతం కంటే కొంచెం తక్కువ. అమ్మవారి పండగకి ఇంట్లో ఉండటమే మంచిదైంది.

మీ అదృష్టాన్ని తిట్టుకోవాల్సిన పనీ లేదు. రోజుకొక్క ప్రయత్నం, పద్నాలుగు రోజులు, నూటికొక వంతు. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టిన నాడే, ఒక్క పాత్రతో ఆడే వందమందిలో 87 మంది ఒట్టి చేతులతో వెళ్తారని ఆ గేమ్ చేసినవాళ్ళకి తెలుసు. మళ్ళీ ఏడాది రప్పించడానికే అలా పెట్టారు. రోజూ ఆడినవాడికి చివరి రోజైనా దొరికే దారి వేయకపోవడం అన్యాయమనే మా అభిప్రాయం.

అవకాశం పెంచుకునే దారి ఒకటే, పాత్రల సంఖ్య. పెట్టె పాత్రకి ఒకటి చొప్పున ఇచ్చే గేమ్ అయితే నాలుగు పాత్రలతో 56 ప్రయత్నాలు, అంటే 43 శాతం. అయిదు పాత్రలైతే సగం దాటుతుంది. దీనికి ఈవెంట్ ముందే సిద్ధం కావాలి. బాస్‌కి కనీస లెవెల్ ఎంతో చూసి, పాత్రలన్నిటినీ అక్కడిదాకా తెచ్చిపెట్టండి. ప్రతి పాత్ర సంచిలో నాలుగైదు ఖాళీ గడులు ఉంచండి. సంచి నిండి ఉంటే కొన్ని గేముల్లో వస్తువు మెయిల్‌కి వెళ్తుంది, కొన్నిట్లో నేలమీదే ఉండిపోయి మాయమవుతుంది. గుంపుగా వెళ్ళే బాస్ అయితే ఎదురుచూపు తక్కువ ఉండే హీలర్ (గాయాలు మాన్పేవాడు) లేదా ట్యాంక్‌గా (దెబ్బలు కాచుకునేవాడిగా) చేరండి. లూట్ (బాస్ దగ్గర పడే వస్తువు) ఎవరిది వారికే వస్తుందా, గుంపంతా కలిసి పాచిక వేసుకోవాలా అన్నది కూడా చూడండి. ఎవరిది వారికైతే అయిదుగురితో వెళ్ళినా మీ వాటా తగ్గదు. పాచిక పద్ధతైతే నూటికొకటి కాస్తా అయిదు వందలకొకటి అవుతుంది.

పాత్ర మార్చి, క్యూలో నిలబడి, బాస్‌ని కొట్టడానికి ఆరు నిమిషాలనుకుంటే 56 ప్రయత్నాలకి అయిదున్నర గంటలు దాటుతుంది. ఆ సమయం 43 శాతానికి పెట్టొచ్చా లేదా అన్నది ఈవెంట్ మొదటిరోజే తేల్చుకోండి. సగానికి తక్కువ వస్తే ఆ గుర్రం ఈ ఏడాది లేదనుకుని, టోకెన్లతో (ఈవెంట్‌లో ఆడి సంపాదించే బిళ్ళలతో) ఖచ్చితంగా కొనగలిగే వస్తువులు ముందు తీసుకోవడం మేలు.

ప్రశ్న: సరిగ్గా అర్ధరాత్రి 12 కి స్పిన్ చేస్తే (బహుమతుల చక్రం తిప్పితే) రేర్ ఐటమ్ వస్తుందని, కొత్త అకౌంట్‌కి లక్ ఎక్కువని వీడియోల్లో చూపిస్తన్నారు. నిజమేనా?
– చీపురుపల్లి పాఠకుడు

వేళకీ డ్రాప్‌కీ సంబంధం లేదు. వేలమంది అర్ధరాత్రి స్పిన్ చేస్తే కొందరికి వస్తుంది, వచ్చినవాళ్ళే వీడియో పెడతారు. కొత్త అకౌంట్ సంగతి మాత్రం గేమ్‌ని బట్టి ఉంటుంది. మొదటి కొన్ని స్పిన్లలో ఒక మంచి వస్తువు ఖాయమని కొన్ని గేములు నియమాల్లోనే రాస్తాయి. అలా రాసి ఉంటే నమ్మండి, లేకపోతే వద్దు.

ప్రశ్న: దీపావళి ఈవెంట్‌లో చక్రం పెట్టారు. ఎనిమిది బహుమతులు, వచ్చింది మళ్ళీ రాదు, కాబట్టి ఎనిమిది స్పిన్లలో అన్నీ మనవే అన్నారు. మొదటి స్పిన్ 9 డైమండ్లే (గేమ్‌లో డబ్బుతో కొనే నాణేలు) కదా అని దిగాను. అందులో పెద్ద బహుమతి అయిన బండిల్ ఎనిమిదో స్పిన్‌కే వచ్చింది, పెట్టుకున్న డైమండ్లన్నీ అయిపోనాయి. నా ఫ్రెండ్సుకీ అలాగే అయింది. ఏటి మోసమిది?
– శ్రీకాకుళం డిగ్రీ విద్యార్థి

ఈ ప్రశ్న చాలామందికి పనికొస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాం.

స్పిన్ల ధరలు 9, 19, 39, 69, 99, 149, 199, 499 అనుకుందాం. మొత్తం 1,082. మొదటి నాలుగూ కలిపితే 136 మాత్రమే, చివరి ఒక్కటే 499, అంటే దాదాపు సగం ఖర్చు. ఎనిమిది చీటీలు డబ్బాలో వేసి తీసినట్టు అన్నిటికీ సమాన అవకాశం ఉంటే, బండిల్ చివరిదాకా మిగలడం ఎనిమిదిలో ఒకసారే జరగాలి, అంటే 12.5 శాతం. మీ స్నేహితులందరికీ చివరే వచ్చిందంటే చీటీలు సమానం కాదు.

వాటికి బరువులుంటాయి. బండిల్ బరువు 1, మిగతా ఏడింటికీ తలా 14 అనుకోండి. మొత్తం 99. మొదటి స్పిన్‌లో బండిల్ వచ్చే అవకాశం 99 లో ఒకటి. ఒక మామూలు వస్తువు వెళ్ళిపోయాక 85 లో ఒకటి, తర్వాత 71 లో ఒకటి, ఇలా నెమ్మదిగా పెరుగుతుంది. ఏడో స్పిన్‌కి కూడా ఎదురుగా 14 బరువున్న ఇంకో వస్తువు ఉంటుంది కాబట్టి 15 లో ఒకటే. ఈ ఏడింటిలో ఎక్కడా రాకుండా పోయే అవకాశాలన్నీ గుణిస్తే 0.83. అంటే వందమందిలో 83 మంది ఎనిమిదో స్పిన్ దాకా, 499 దాకా వెళ్ళాల్సిందే. "అన్నీ మీకే వస్తాయి" అన్నమాట అబద్ధం కాదు, కానీ ఎంత పెడితే వస్తాయో ఆ మాటలో లేదు.

అందుకే ఇలాంటి చక్రానికి ధర 9 కాదు, 1,082. అంత పెట్టడం మీకు సమ్మతమైతే, ఆ డబ్బు ముందే పక్కన ఉంటే, తిప్పండి. లేకపోతే మొదటి 9 కూడా పెట్టొద్దు. నాలుగో స్పిన్ దగ్గర ఆగిపోయినవాడికి అక్కర్లేని వస్తువులు నాలుగు మిగులుతాయి. అయిదో స్పిన్ దగ్గర "ఇంత పెట్టాం కదా" అనిపించడం సహజం, చక్రం నడిచేది దానిమీదే. తిప్పే ముందు వస్తువులు రెండు తీసేయమనే చక్రాలు కూడా ఉన్నాయి. అప్పుడు కూడా మిగిలినవాటి మొత్తం ధరే చూడాలి.

డైమండ్లు ప్యాకెట్లుగా అమ్ముతారు. మీకు కావలసిన అంకెకి సరిపడే ప్యాకెట్ ఉండకపోవచ్చు, పై ప్యాకెట్ కొనాల్సి వస్తుంది. ఖర్చు ఎప్పుడూ రూపాయల్లో రాసుకోండి.

ప్రశ్న: పది బొమ్మల కార్డులు పోగుచేస్తే పెద్ద బహుమతి. నాలుగు రోజుల్లో తొమ్మిది వచ్చీసాయి. పదోది వారమైనా రాలేదు. ఉన్నవే మళ్ళీ మళ్ళీ పడుతున్నాయి.
– పలాస పాఠకురాలు

అన్ని కార్డులకీ సమాన అవకాశం ఉన్నా ఇలాగే జరుగుతుంది. పది కార్డుల సెట్‌కి సగటున 29 కార్డులు తీయాలి. అందులో మొదటి అయిదు రకాలకి ఆరున్నర కార్డులు చాలు. మిగతా అయిదింటికి దాదాపు 23 పడతాయి. ఆఖరి ఒక్కదానికే సగటున పది. తొమ్మిది రాగానే "ఇంకొక్కటే" అనిపిస్తుంది, నిజానికి అప్పటికి మీరు మూడింట రెండు వంతుల దారే నడిచారు. ఆ ఒక్క కార్డుని కంపెనీ కావాలని అరుదు చేస్తే ఇంకా ఘోరం. సెట్ నిండితేనే బహుమతి అంటూ డబ్బుకి పెట్టెలు అమ్మే పద్ధతిని జపాన్‌లో 2012 లోనే అక్రమమని ప్రకటించారు.

చేయగలిగినవి ఉన్నాయి. ఏ కార్డుకైనా బదులుగా వాడుకునే జోకర్ కార్డు ఇస్తే మొదట్లో వాడొద్దు, తొమ్మిదీ నిండేదాకా దాచండి. డూప్లికేట్లని ఇచ్చి కావలసిన కార్డు తీసుకునే అంగడి గేమ్‌లో ఉంటే, ఒక కార్డుకి ఎన్ని డూప్లికేట్లు కావాలో ముందే చూసుకుని, కావలసినదానికే మార్చండి. స్నేహితులకి పంపే వీలుంటే గిల్డ్‌లో (గేమ్‌లో కలిసి ఆడే జట్టులో) ఎవరి దగ్గర ఏది మిగులుగా ఉందో ఒక పట్టిక పెట్టుకోండి. నలుగురు కలిస్తే డూప్లికేట్ల బాధ చాలా తగ్గుతుంది. తెలియనివారు డబ్బుకి కార్డు అమ్ముతామంటే దిగొద్దు, డబ్బు తీసుకుని పోతే గేమ్ కంపెనీ పట్టించుకోదు.

ముగిసే వేళ కూడా చూసుకోండి. చాలా ఈవెంట్లు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన ముగుస్తాయి. నవంబరు 1, సున్నా గంటలు అని రాసి ఉంటే మనకి అది ఆ రోజు తెల్లవారి అయిదున్నర. ఆ రోజు సాయంత్రం తీరిగ్గా టోకెన్లు మార్చుకుందామనుకుంటే అంగడి మూసేసి ఉంటుంది. పైగా అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మీ ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదని మీకు చెప్పక్కర్లేదు. రెండు రోజులు మిగిలుండగానే మార్పిడి పూర్తిచేసుకోండి.

ప్రశ్న: మావారు వేరావల్‌లో బోటు మీద పని చేస్తారు. ఇంటి ఖర్చుకి పంపిన డబ్బులోంచి తొమ్మిదో తరగతి చదివే మా బాబు గేమ్‌లో పెట్టెలు కొనీసాడు, రూ.4,300 దాకా. నిన్న రాత్రే తెలిసింది. ఏడుస్తన్నాడు, కావలసింది రాలేదట. డబ్బు వెనక్కి వస్తాదా?
– సోంపేట దగ్గర ఊరి నుంచి ఒక తల్లి

అమ్మా, ఇది చదివేదాకా ఆగకూడదని మీకు విడిగా కూడా జవాబు పంపాం. ఇదే ఇబ్బంది ఉన్న మిగతావారికోసం ఇక్కడ వేస్తున్నాం.

గూగుల్ ప్లే ద్వారా కొన్నదైతే కొన్న 48 గంటల లోపు రీఫండ్ అడగడం అన్నిటికంటే ముఖ్యం. ఆ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన ఉన్న గుండ్రని బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, అందులో బడ్జెట్ అండ్ హిస్టరీ చూడండి. ఏ రోజు ఎంత అన్నది వరసగా కనిపిస్తుంది. తర్వాత బ్రౌజర్‌లో ప్లే సైట్‌కి వెళ్ళి ఆర్డర్ హిస్టరీలో ఒక్కో కొనుగోలుకీ విడివిడిగా రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్ నొక్కాలి. కారణాల్లో, ఇంట్లో మనిషి నా అనుమతి లేకుండా కొన్నాడు అన్న అర్థం వచ్చేదాన్ని ఎంచుకోండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. 48 గంటలు దాటినవాటికి గేమ్ కంపెనీకే రాయాలి. రసీదులు ఈమెయిల్‌లో ఉంటాయి, ఆర్డర్ నంబరు జీపీఏ అని మొదలవుతుంది, అది జతచేయండి. డబ్బు వెనక్కి వస్తే కొన్న వస్తువులు పోతాయి, కొన్ని గేములు అకౌంట్ కూడా ఆపేస్తాయి. బాబుకి ఆ సంగతి ముందే చెప్పండి. అంతా తిరిగొస్తుందని మేం మాట ఇవ్వలేం, అడగకపోతే మాత్రం పైసా రాదు.

రెండో పని తాళం. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పర్చేజ్ వెరిఫికేషన్ అని ఉంటుంది, ప్రతి కొనుగోలుకీ అడిగేలా పెట్టండి. ఫోన్‌లో బాబు వేలిముద్ర కూడా ఎక్కించి ఉంటే ఈ తాళం పనికిరాదు, దాన్ని తీసేయండి. యూపీఐ పిన్ వాడికి తెలిసే ఉంటుంది, ఈరోజే మార్చండి. ప్లే స్టోర్‌లో దాచి ఉన్న కార్డు, యూపీఐ వివరాలు కూడా తొలగించండి. బడ్జెట్ పెట్టుకునే వీలు ఉంది కానీ అది హెచ్చరిస్తుంది, ఆపదు. ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్‌లోని కంటెంట్ అండ్ ప్రైవసీ రెస్ట్రిక్షన్స్‌లో ఇన్-యాప్ పర్చేజెస్‌ని డోంట్ అలౌ అని పెట్టి, పాస్‌కోడ్ మీ దగ్గరే ఉంచుకోండి.

చవగ్గా డైమండ్లు ఇస్తామని ఎవరో అడిగితే డబ్బు పంపాడా అని నెమ్మదిగా కనుక్కోండి. అలా అయితే అది రీఫండ్ కాదు, సైబర్ నేరం. వెంటనే 1930 కి ఫోన్ చేయాలి.

బాబుని కొట్టొద్దమ్మా. "ఈ పెట్టె ఇంకో పదినిమిషాలే" అని గడియారం తిప్పి చూపించే తెర ముందు పెద్దవాళ్ళే ఆగలేకపోతున్నారు. పైన చక్రం లెక్క ఉంది కదా, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాడిచేతే వేయించండి. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఆ గుణకారం వచ్చు.

ప్రశ్న: పెట్టెల్లో ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో శాతాలు వేస్తారు కదా, వాటిని నమ్మొచ్చా? మనం సరిచూసుకోగలమా?
– నెల్లిమర్ల పాఠకుడు

శాతాలు వాటంతట అవి రాలేదు. చైనా 2017 మే నుంచి తప్పనిసరి చేసింది. అదే ఏడాది డిసెంబరులో ఆపిల్, 2019 లో గూగుల్ ప్లే తమ స్టోర్ల నియమాల్లో పెట్టాయి. దక్షిణ కొరియాలో 2024 మార్చి 22 నుంచి చట్టమే ఉంది. ఆ ఏడాది జనవరిలో అక్కడి వాణిజ్య కమిషన్, మేపుల్‌స్టోరీ గేమ్‌లో అవకాశాలు చెప్పకుండా తగ్గించినందుకు నెక్సాన్ కంపెనీకి 1,160 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. కాబట్టి తప్పుడు శాతాలు అసాధ్యం కాదు.

ఆపిల్, గూగుల్ నియమాలు డబ్బుతో కొనే పెట్టెలకే వర్తిస్తాయి. బొబ్బిలి పాఠకుడు అడిగినలాంటి, ఊరికే ఆడితే పడే డ్రాప్‌కి శాతం చెప్పాలన్న నిబంధన వాటిలో లేదు. అందుకే అక్కడ అంకె ఎవరో అన్నదే తప్ప కంపెనీ రాసింది ఉండదు.

చదివేటప్పుడు రెండు అంకెలు వేరుచేసి చూడండి. గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్‌లో పరిమితకాల పాత్రల విష్‌కి (అక్కడ ఒక్కో ప్రయత్నాన్ని విష్ అంటారు) అయిదు నక్షత్రాలది, అంటే అన్నిటికంటే అరుదైనది, వచ్చే అవకాశం 0.6 శాతం అని ఒకచోట, గ్యారంటీతో కలిపి 1.6 శాతం అని ఒకచోట ఉంటుంది. రెండూ నిజమే. 90 విష్‌లలో ఒకటి ఖాయం కాబట్టి సగటు పెరుగుతుంది. అయితే వచ్చేది మీరు కోరిన పాత్రే కాకపోవచ్చు. అది కూడా ఖాయం కావాలంటే 180 దాకా వెళ్ళాలి, విష్‌కి 160 ప్రిమోజెమ్‌ల (ఆ గేమ్ నాణేల) చొప్పున 28,800. ఒక మంచి సంగతి, రాని ప్రయత్నాల లెక్క తర్వాతి బ్యానర్‌కి (తర్వాత పెట్టే పరిమితకాల పాత్రల విష్‌కి) కొనసాగుతుంది. సీజన్ ఈవెంట్లలో చాలాచోట్ల అది ఉండదు, ఈవెంట్ ముగిస్తే మీ లెక్క సున్నా అవుతుంది. నియమాల పేజీలో మొదట వెతకాల్సింది ఈ వాక్యమే.

సరిచూడటం ఒక్కరివల్ల కాదు. 0.6 శాతానికి 500 ప్రయత్నాల్లో సగటున మూడు రావాలి, కానీ ఒక్కటీ రాకపోవడం కూడా ఇరవైమందిలో ఒకరికి జరుగుతుంది. గిల్డ్‌లో అందరూ వచ్చినవీ రానివీ రెండూ రాస్తూ కొన్ని వేల ప్రయత్నాలు పోగేస్తే అప్పుడు ఏదైనా చెప్పగలం. వచ్చినప్పుడే రాస్తే ఆ పట్టిక పనికిరాదు.

ప్రశ్న: కంపెనీకి ఫిర్యాదు చేస్తే తిట్టుకున్నట్టే ఉంటుంది, జవాబు రాదు. ఎలా రాయాలి?
– రాజాం పాఠకుడు

"మీ గేమ్ మోసం" అని రాస్తే యంత్రం రాసిన జవాబే వస్తుంది. గేమ్ లోపలి సపోర్ట్ నుంచి పంపండి, అప్పుడు మీ ఐడీ, సర్వర్ వాటంతట అవే జతవుతాయి. ఈవెంట్ పేరు, తేదీలు, ఎన్ని ప్రయత్నాలు, ఏమేం వచ్చాయి, నియమాల పేజీ స్క్రీన్‌షాట్ పెట్టండి. స్క్రీన్‌షాట్ ఈవెంట్ నడుస్తుండగానే తీయాలి, ముగిశాక ఆ పేజీ ఉండదు. రావాల్సిన వస్తువు రాలేదనే ఫిర్యాదునీ, పద్ధతి మార్చమనే సూచననీ ఒకే ఉత్తరంలో కలపొద్దు, అవి చూసే మనుషులు వేరు.

సూచనలో ఏం కావాలో తేల్చి అడగండి. ప్రయత్నాల లెక్క తెరమీద కనిపించాలి. ఫలానా సంఖ్య తర్వాత వస్తువు ఖాయం కావాలి. లేదంటే రోజుకో టోకెన్ ఇచ్చి, పద్నాలుగు రోజులు ఆడినవాడు పన్నెండు టోకెన్లతోనే దాన్ని కొనుక్కునేలా ఉండాలి, రెండు రోజులు ఇంటిపనికి పోయినా నష్టం లేకుండా. ఉన్న వస్తువు మళ్ళీ పడకూడదు. ఈ ఏడాది లెక్క వచ్చే ఏడాదికి కొనసాగాలి. గిల్డ్‌లో ఉన్నవాళ్ళంతా ఇవే అడుగుతూ ఎవరి ఐడీ నుంచి వారు, ఈవెంట్ ముగిసిన వారంలోపు పంపండి. వచ్చే ఈవెంట్ పనులు మొదలయ్యేది అప్పుడే.